మలుపు దగ్గర హారను

కర్నూలు,
9 జూన్ 2025, సోమవారం

తమ్ముడు హెన్రీకి,

అక్క మహిమ రాసేది. ముందు క్షేమం, తర్వాత కొట్లాట. నాయన నేర్పిన వరస తప్పలేదు చూడు. నేను బాగున్నాను. ఓర్వకల్లులో ఎండ మామూలుగా లేదు. ఎయిర్‌పోర్టు కౌంటరులో ఏసీ ఉన్నా, బస్సు దిగి లోపలికి నడిచేసరికి సగం ప్రాణం పోతోంది. అక్కడ తుమ్మలపల్లెలో నువ్వూ, అమ్మా, నాయనా ఎలా ఉన్నారు?

ఫోనులో అడగొచ్చు. కానీ మనిద్దరం ఫోనులో మాట్లాడితే రెండో నిమిషానికి అరుస్తాం. చిన్నప్పుడు కొట్టుకుంటే నాయన చెరో కాగితం చేతికిచ్చేవాడు, గుర్తుందా? "నోరు మూసి రాయండి. అవతలోళ్ళది కడదాకా చదివినాకనే జవాబు" అనేవాడు. నెల మొదటి ఆదివారం గుడిలో రొట్టె, ద్రాక్షరసం సంస్కారం తీసుకునేలోపు కొట్లాట తెగాలి, లేకపోతే బల్ల దగ్గరికి పోకూడదు. అందుకే రాస్తున్నాను. పులివెందుల పోయే గిడ్డయ్యన్న బస్సులో పంపుతున్నాను. జూలై ఆరుకు తెగిపోవాలి.

విషయం మన కార్ల పందెమే. కంప్యూటరు ముందు స్టీరింగూ పెడళ్ళూ పెట్టుకుని, కర్నూలు నుంచి కడప దాకా ముప్పైమంది ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఒకే ట్రాకు మీద కార్లు తోలుతున్నాం. నడిపేది మీరు. రీప్లే చూసి తప్పెవరిదో తేల్చి శిక్ష వేసేది నేను. సీమ సర్క్యూట్‌లో తీర్పరిని నేనే కాబట్టి తిట్లూ నాకే.

బద్వేలు యేసుప్రసాద్ నీమీద ఫిర్యాదు పెట్టాడు. పాయింట్లలో నీ వెనకే ఉన్నవాడు కాబట్టి ముందు కుళ్ళు అనుకున్నాను. "అక్కా, హెన్రీ అన్న ఒక వారం దెయ్యం పట్టినట్టు తోల్తాడు. ఇంకో వారం పెళ్ళిబస్సు తోలినట్టు తోల్తాడు. ఆడ ఇద్దరు మనుషులుండారు" అన్నాడు. నేను పాత రీప్లేలన్నీ తీసి చూశాను. అతను అన్నదాంట్లో అబద్ధం కనపడలేదు.

మన మొదటి నియమం నీకు తెలుసు. ఎవరి పేరుతో వాళ్ళే నడపాలి. మార్చిలో ఆదోని ఈరప్పను ఆరు పందేలు ఆపింది ఎందుకు? వేలికి కుట్లు పడ్డాయని చిన్నాయన కొడుకు జయరాజ్‌ను కూర్చోబెట్టినందుకే. నువ్వు ఏం చేశావో నువ్వే చెప్పు. నేను కనుక్కునేదాకా ఆగొద్దు.

నీ అక్క,
మహిమ

తుమ్మలపల్లె,
12 జూన్

అక్కకు హెన్రీ రాసేది,

క్షేమమే. అమ్మ జొన్నరొట్టెలూ చెనిక్కాయల పొడీ పంపింది. గిడ్డయ్యన్న దారిలో రెండు రొట్టెలు తింటాడు, ఆ లెక్క నా మీద వేయొద్దు.

నువ్వు స్టీరింగు పట్టిన రోజుల్లో మొదటి మలుపులోనే కారు గడ్డిలోకి పోయేది. అప్పుడు నేను నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పుడు వడ్డీతో తీర్చుకుంటున్నావా? గనిలో ఎనిమిది గంటలు భూమి కింద ఉండి వచ్చినవాడు ఒక వారం చురుగ్గా తోలతాడు, ఒక వారం నిద్రకళ్ళతో తోలతాడు. అందులో ఇద్దరు మనుషులు ఎక్కడినుంచి వచ్చారు? పాయింట్లలో ముందున్నందుకు నేను బెంగళూరు పోటీకి పోతానని యేసుప్రసాద్‌కు మంట. నువ్వు వాడి మాట పట్టుకుని తమ్ముడికి తాఖీదు పంపుతున్నావు.

నాయన బాగానే ఉన్నాడు. బాగా తింటున్నాడు. చెయ్యి వణుకు కూడా తగ్గింది. ఆయన గురించి దిగులు పెట్టుకోకు.

హెన్రీ

కర్నూలు,
17 జూన్

హెన్రీకి,

రొట్టెలు నాలుగే వచ్చాయి. సంగతి అది కాదు.

నువ్వు అబద్ధమాడావు. ఎనిమిదో తేదీ పందెం నాలుగు గంటలకు మొదలైంది. నాలుగున్నరకు నేను అమ్మకు ఫోన్ చేశాను. "హెన్రీ రెండుగంటల డూటీకి పోయినాడే" అంది. నువ్వు భూమి కింద ఉన్న వేళ నీ కారు పైన ఎట్లా పరిగెత్తింది? మొన్న ఆదివారమూ అంతే. నాయనను పిలువమంటే "ఇప్పుడు కాదులేమ్మా, పనిలో ఉండాడు" అంటుంది. ఆదివారం సాయంత్రం ఆయనకు ఏం పని? నామీద ఏదో నూరిపోశావు, అందుకే నాతో మాట్లాడటం లేదు.

ఇంకా విను. నువ్వు డ్యూటీకి పోయిన ఆదివారాల రీప్లేలు విడిగా పెట్టి చూశాను. పెడళ్ళ గీతలన్నీ నాకు కనపడతాయి. ఆ రోజుల్లో నీ పేరు మీద నడిపే మనిషి గేరు మార్చిన ప్రతిసారీ క్లచ్ రెండుసార్లు తొక్కుతాడు. అవతల ఏముందో కనపడని మలుపు వస్తే హారను కొడతాడు. పందెంలో హారను! పది నెలలుగా తీర్పులు రాస్తున్నాను, హారను కొట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. ఎవణ్ణి కూర్చోబెట్టావు? గనిలో నీతో పనిచేసే డంపరు డ్రైవరునా? ఎవరో ముసలి లారీ డ్రైవరు లాగా ఉన్నాడు. నీకు బుద్ధి లేకపోతే పోయింది, ఇంకొకరి పేరు వెనక దాక్కుని నడిపే ఆ పెద్దమనిషికైనా సిగ్గుండొద్దా?

ఈ ఉత్తరం నాయనకు చదివి వినిపించు. న్యాయం ఆయననే చెప్పమను. ఆయన ఏమంటే దానికి నేను కట్టుబడతాను.

మహిమ

తుమ్మలపల్లె,
20 జూన్

అక్కా,

నీకు అంతా తెలిసే రాస్తున్నావని అర్థమైంది. తెలిసి ఆ మాట ఎట్లా రాయగలిగావు? పైగా చదివి వినిపించాలా? నేను వినిపించను. ఆ కాగితం మడిచి నా డ్యూటీ సంచీలో పెట్టుకున్నాను, ఇంట్లో ఎవరి కంటా పడకుండా.

పాయింట్లు కావాలంటే తీసుకో. బెంగళూరూ వద్దు. నాయనను మాత్రం ఇందులోకి లాగొద్దు. ఇంత రాతిగుండె దానివని అనుకోలేదు.

హెన్రీ

కర్నూలు,
30 జూన్, సోమవారం

హెన్రీ,

నీ ఉత్తరం నాకు అర్థం కాలేదు. నాకేం తెలుసు, ఏం తెలిసి రాశాను? పదిరోజులు మింగుడుపడలేదు. కౌంటరులో ఒకరి టికెట్టు ఇంకొకరికి ఇచ్చి మాటలు పడ్డాను. తప్పు చేసినవాడికి కోపం ఎక్కువలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

నిన్నటితో అర్థమైంది. ఈ కాగితం కడదాకా చదువు.

నిన్న యేసుప్రసాద్ ముందున్నాడు, నీ కారు రెండోది. చివరి రౌండులో అతని కారు మలుపులో జారి బోర్లాపడింది. ఇంక నీ కారుకు అడ్డమే లేదు, గీత దాటితే గెలుపు. కానీ నీ కారు వేగం తగ్గించింది. ఎడమపక్కకు తీసింది. ఇండికేటర్లు రెండూ వేసి, బోర్లాపడ్డ కారు పక్కనే ఆగింది. ఒకరి తర్వాత ఒకరు ఇరవైమంది దాటిపోయారు. కదల్లేదు.

యేసుప్రసాద్ మళ్ళీ ఫిర్యాదు పెట్టాడు. "పడినోని పక్కన నిలబడి ఎగతాళి చేస్తాండాడక్కా. ఎవరో పెద్దాయన గొంతు పెట్టించి మాట్లాడించినాడు, నువ్వే ఇను" అన్నాడు. హారను బటను పక్కనే మైకు బటను ఉంటుంది కదా. కంగారులో అదీ ఇదీ నొక్కినట్టున్నాడు. రికార్డు పెట్టుకుని విన్నాను.

"ఏమప్పా, దెబ్బ తగిలిందా? పలుకప్పా. నేనుండా, యాడికీ పోను. పలుకు."

హెన్రీ, నాయన గొంతు నాకు తెలియదా.

చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసి బాత్రూములోకి పోయి నీళ్ళు వదిలి ఏడ్చాను. రోజూ డ్యూటీకి పోయే బస్సు ఆ ఓర్వకల్లు రాళ్ళ కొండల మలుపు మీదుగానే పోతుంది. పన్నెండేళ్ళ కింద నాయన నంద్యాల బస్సు తోలుతుంటే అక్కడే పక్కదారిలోంచి బండి మీద వచ్చి పడ్డాడు ఆ తాపీమేస్త్రి. అప్పుడు బస్సుకు క్లీనరు గిడ్డయ్యన్న. "ఆపొద్దు దాసన్నా, జనాలు సంపేస్తారు" అని అరిచాడట. బస్సంతా అదే అరిచింది. నాయన ఆపకుండా పోయి ఠాణాలో తాళాలు ఇచ్చాడు. తప్పు ఆయనది కాదని కోర్టే చెప్పింది. కానీ ఆ మనిషి గంటసేపు రోడ్డు మీదే ఉండి, తీసుకుపోతుంటే దారిలో పోయాడు. అప్పటినుంచి నాయన స్టీరింగు ముట్టలేదు. ఆటోలో ముందుసీటు కూడా ఎక్కడు.

నేను ఆయనను సిగ్గులేదా అన్నాను. ఆ కాగితం చింపెయ్యి. కాదు, చింపొద్దు, నాకే పంపించు.

ఎప్పటినుంచి?

అక్క

తుమ్మలపల్లె,
2 జూలై

అక్కా,

నువ్వు తెలిసే ఎగతాళి చేశావనుకున్నాను. క్షమించు.

మార్చి నెలలో మొదలైంది. నేను రెండుగంటల డ్యూటీకి బయలుదేరుతుంటే నాయన టవలుతో నా స్టీరింగు తుడుస్తున్నాడు. రాత్రి తిరిగొస్తే అమ్మ నవ్వుతూ కూర్చుంది. "తుడిసి తుడిసి కూసున్న్యాడు. కూసుని తోలినాడు. మూడు గంటలు లేయలేదురా" అంది. ఉత్త ట్రాకు మీద ఒక్కడే తోలాడు. మరుసటి వారం నేనే అడిగాను, నా పేరు మీద పందెంలో తోలతావా అని. పాయింట్లు పోకుండా ఉంటాయని నా ఆశ. నియమం సంగతి ఆయనకు చెప్పలేదు. ఇంట్లో ఎవరైనా తోలొచ్చు అన్నాను. కాబట్టి సిగ్గు లేనిది నాకే.

పందెం రోజు అమ్మ పెట్టెలోంచి ఖాకీ చొక్కా తీసి ఇస్తుంది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని అప్పుడు ఎక్కుతాడు. కంప్యూటరు ముందు చెప్పులు విప్పి ఎక్కే మనిషిని నువ్వు చూడలేదు. ఆయన చెయ్యి ఇప్పుడు వణకదు, అక్కా. చారు గిన్నె కూడా ఒలకకుండా తెస్తాడు.

ఆదివారం నేను వచ్చేసరికి మంచం మీద కూర్చున్నాడు. "ఈసారి ఆపినారా" అన్నాడు. అంతే. అన్నం పెడితే రెండోసారి అడిగి తిన్నాడు.

నీ కాళ్ళు పట్టుకుంటాను. నెట్టు పోయింది, కారు నిలిచిపోయింది అని రాసెయ్. ఆ గొంతు ఎవరిదో యేసుప్రసాద్‌కు తెలియదు. నా పాయింట్లన్నీ తీసెయ్, నేను తప్పుకుంటాను. నాయన పేరు మాత్రం బయటపెట్టకు. ముప్పైమంది ఆయనను మోసగాడంటే ఆ స్టీరింగు మళ్ళీ ముట్టడు. మళ్ళీ ఆ మంచం, ఆ గోడ. పన్నెండేళ్ళు చూశాం కదా.

హెన్రీ

కర్నూలు,
4 జూలై

తమ్ముడూ,

రెండు రోజుల్లో నాలుగుసార్లు తీర్పు రాసి చింపాను. నెట్టు పోయింది అనే రెండు మాటలు కూడా రాసి చూసుకున్నాను. చూడటానికి బాగానే ఉన్నాయి.

అప్పుడు ఈరప్ప గుర్తొచ్చాడు. మార్చిలో అతను నాతో వాదించలేదు. "వేలు తెగిందక్కా, తమ్ముడు నడిపినాడు. తప్పే" అన్నాడు. అతనికి ఆరు పందేలు, నడిపిన జయరాజ్‌కూ ఆరు. ఆదోని వాళ్ళ పిల్లలకైతే నియమం, మా ఇంటికైతే నెట్టు పోయిందా? రేపు ఇంకొకరి తప్పు నేను ఏ మొహంతో రాయాలి? రాయకుండా వదిలేస్తే నాయన మొహం మాత్రం ఎట్లా చూడాలి? జనాలు అరిచారని ఆపకుండా పోయిన ఒక్కరోజుకే ఆయన పన్నెండేళ్ళు కుమిలాడు. నువ్వు అరుస్తున్నావని నన్ను ఆపకుండా పొమ్మంటున్నావు.

కాబట్టి రాశాను. హెన్రీ, ఆరు పందేలు. దాసన్న, ఆరు పందేలు. డ్యూటీ రోజుల్లో వచ్చిన పాయింట్లన్నీ రద్దు. నడిపింది మా నాయన అనీ, నియమం ఆయనకు తెలియదనీ, అయినా శిక్ష అంతే అనీ రాసి గ్రూపులో పెట్టేశాను. ఎల్లుండి సంస్కారం. నీ జవాబు వచ్చేదాకా నేను బల్ల దగ్గరికి పోను.

నువ్వు నన్ను తిట్టుకో. నాయనకు మాత్రం ఇది చదివి వినిపించు. ఈసారి నిజంగానే అడుగుతున్నాను.

అక్క

తుమ్మలపల్లె,
11 జూలై

అక్కా,

రెండు రోజులు నీ కాగితం జేబులో పెట్టుకుని తిరిగాను. గని లోపలికి దిగినా అదే, పైకి వచ్చినా అదే. మేస్త్రి రెండుసార్లు తిట్టాడు. మూడో రోజు అమ్మ చొక్కా ఉతకబోయి చూసింది. ఆమే చదివింది, పెద్దగా, నాయన ముందే.

కడదాకా విన్నాడు. నేను నిలబడి ఉన్నాను, కొడతాడేమోనన్నట్టు. చివరికి, "ఈరప్పకెంతో మనకూ అంతే. పాప కరెక్టుగా రాసినాది" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఇంట్లో ఎవరైనా తోలొచ్చని చెప్పింటివే. నా చేత దొంగపని చేపిచ్చినావే" అన్నాడు. అక్కా, కొట్టి ఉంటే బాగుండేది. నా మొహం ఆయనకు చూపించబుద్ధి కాలేదు. స్టీరింగు మీద దుప్పటి కప్పేశాడు. నేను భయపడ్డట్టే అయిందనుకున్నాను.

నిన్న పొద్దున మాత్రం కాఫీ తాగుతూ అడిగాడు, "నా పేరు మీదనే తోలాలంటే ఏం జేయాల?" అని. ఫారం నింపాలన్నాను. నువ్వు పెట్టిన ఫారమే తీసి ఒక్కో ప్రశ్నా చదివాను, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. ఈ కవరులో పెడుతున్నాను. కింద "ఇంతకుముందు పడిన శిక్షలు" అనే గడి ఉంది కదా. అది ఆటలో శిక్షల గురించి నాయనా అని చెప్పాను. వినలేదు. "అడిగినాక చెప్పాల్సిందే" అన్నాడు. ఆయన చెప్పింది మార్చకుండా ఉంచాను.

నువ్వు సంస్కారం మానుకున్నావని విని ఆయనకు బాధేసింది. ఆగస్టులో తప్పకుండా తీసుకోమన్నాడు. కొట్లాట తెగింది, అక్కా. నేను రాసిస్తున్నాను.

హెన్రీ

(ఫారంలో, హెన్రీ చేతిరాత: పేరు: దాసన్న. అనుభవం: బస్సు, ఇరవై ఆరేళ్ళు. పడిన శిక్షలు: "2013, ఓర్వకల్లు మలుపు. ఆపలేదు. శిక్ష పడలేదు." కింద, మహిమ చేతిరాత: పందెంలోకి తీసుకున్నాను. ఆగస్టు 17 నుంచి నడపవచ్చు.)

కర్నూలు,
18 ఆగస్టు, సోమవారం

తమ్ముడు హెన్రీకి,

ఇక్కడ వానలు పడ్డాయి, ఓర్వకల్లు రాళ్ళు కూడా కడిగినట్టున్నాయి. ఈ నెల సంస్కారం తీసుకున్నాను.

నిన్న నాయన మొదటి పందెం. నీకు డ్యూటీ కదా, నేనే చెప్తాను. పదకొండో స్థానంలో వచ్చాడు. ప్రతి మలుపుకూ హారను. మూడో రౌండుకల్లా యేసుప్రసాద్ కూడా కొట్టడం మొదలుపెట్టాడు, తర్వాత అందరూ. ఆ గోలకు నా చెవులు ఇంకా మోగుతున్నాయి. పందేనికి ముందు ఈరప్ప మైకులో "పెద్దాయనా, మనిద్దరిదీ ఒకే శిక్ష, ఒకే ఇస్కూలు" అన్నాడు. నాయన నవ్వడం విన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఎనిమిదో రౌండులో ఈరప్ప కారు గోడకు కొట్టి తిరగబడింది. నాయన మళ్ళీ ఆపాడు. ఎడమపక్కకు తీసి, ఇండికేటర్లు వేసి, అతను పలికేదాకా ఉండి కదిలాడు. వెనక వచ్చేవాడు తప్పించుకోలేక గడ్డిలోకి పోయాడు. ట్రాకు మీద కావాలని కారు ఆపకూడదని ఏడో నియమం. ఎవరూ ఫిర్యాదు పెట్టలేదు, "వదిలెయ్ అక్కా" అని ఈరప్పే రాశాడు. కానీ నేను చూశాను. చూసినాక రాయకుండా ఉండలేను.

దాసన్న, కారు ఆపినందుకు ఐదు సెకన్లు. పదకొండో స్థానం పన్నెండు అయింది.

చదివి వినిపించు. కోపగించుకుంటే నాకు చెప్పు.

అక్క మహిమ

తుమ్మలపల్లె,
21 ఆగస్టు

అక్కకు,

చదివాను. నాయన మంచం మీద కూర్చుని విన్నాడు. మళ్ళీ చదవమన్నాడు, మళ్ళీ చదివాను.

"ఆపినందుకు అయిదు సెకండ్లేనా?" అన్నాడు.

అంతే నాయనా అన్నాను. కోపం వచ్చిందేమోనని మొహం చూశాను. కోపం లేదు. టవలు తీసి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపటికి లేచి ఖాకీ చొక్కా మడిచి పెట్టెలో పెట్టాడు, వచ్చే ఆదివారానికి.

గిడ్డయ్యన్న బస్సు వచ్చే వేళైంది, కవరు అంటించబోతుంటే గుమ్మంలోంచి పిలిచి నీకు ఒక మాట రాయమన్నాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఆ ఫారంలో శిక్ష పడలేదని రాపిచ్చింటి గదా. ఇప్పుడు పడినాదని దిద్దమను మీ అక్కను."

హెన్రీ